కక్షపుట యంత్రము - శూన్యార్థవిచారము

నాగార్జునుని పేర వెలసిన సమస్తమును పల్నాటి నాగార్జునకొండకు ముడివేయు అలవాటు మన ప్రాంతమున చిరకాలముగా నున్నది. సిద్ధనాగార్జునకృతముగా ప్రసిద్ధమైన కక్షపుటతంత్రములోని అంకయంత్రములకును ఈ గతియే పట్టవచ్చును. అందలి శూన్యములను చూచినవారికి మాధ్యమికుల శూన్యవాదము స్ఫురించుట సహజము. ఈ స్ఫురణము ప్రమాణమునకు నిలుచునా యనునదియే ఇచట మా విచారము.

ముందు యంత్రరచనను చూతము. సూత్రము పదునాఱక్షరములది. కటపయాదిరీతిని అచ్చులకును నకారమునకును శూన్యము విలువగా గ్రహించి చదివినచో ఇట్లు వచ్చును:

0 1 0 8
0 9 0 2
6 0 3 0
4 0 7 0

కోరిన మొత్తములో సగమును గ్రహింపవలెను. ప్రతి శూన్యస్థానమునకు కర్ణమార్గమున రెండవ గదిలోనున్న అంకెను ఆ సగమునుండి తీసివేసి, శేషమును ఆ స్థానమున నిలుపవలెను. మొత్తము 100 అయినచో సగము 50. అప్పుడు:

47 1 44 8
43 9 46 2
6 42 3 49
4 48 7 41

అడ్డముగా, నిలువుగా, కర్ణములుగా ఎటు కూడినను నూఱే వచ్చును. మొత్తము మాఱినను ఎనిమిది అంకెలు కదలవు. తక్కిన ఎనిమిదియే మాఱును.

శూన్యస్థానమునకు స్వంతవిలువ లేదు. ఎదుటి గదిని ఆశ్రయించియే అది విలువ పొందుచున్నది. నిస్స్వభావతకు ఇంతకన్న చక్కని దృష్టాంతము దొరకదని తోచును. మేమును మొదట అట్లే తలచితిమి. కాని దృష్టాంతమగుట వేఱు, కర్త యుద్దేశమగుట వేఱు. ఇచటి సున్న స్థానమును సూచించు అక్షరసంకేతము మాత్రమే. అదియునుగాక, నాగార్జునీయమని పేరొందిన యంత్రము 30, 16, 18, 36 అను వరుసతో మొదలై నూఱు మొత్తముగా గలది. అందు శూన్యమే లేదు. శూన్యమే తత్త్వసంకేతమైనచో, ఆచార్యుని పేరు గల యంత్రముననే అది లోపించుట యెట్లు పొసగును?

యంత్రార్థము ప్రయోగమునుబట్టి మాఱుచుండును. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో పదునాఱు గంధద్రవ్యముల పాళ్లను ఇట్టి చతురస్రముననే కూర్చెను. అచట మొత్తము 18. దానిని ఆయన కచ్ఛపుటమని వ్యవహరించుట గమనింపదగినది. అచట మంత్రము లేదు, తత్త్వము లేదు, ఉన్నది సుగంధమే. నవగ్రహయంత్రములలో సూర్యునకు 15, చంద్రునకు 18, కుజునకు 21 మొత్తములు. ప్రతి గదికి ఒకటి చొప్పున కలిపినంతనే సూర్యయంత్రము చంద్రయంత్ర మగును. కూర్పు మాఱలేదు, దేవత మాఱెను. గుంటూరు సీమలో ద్వారబంధముపై రాగిరేకు యంత్రమును నిలుపు గృహస్థునకు అది రక్ష; గణితజ్ఞునకు సమీకరణము.

కావున కూర్పు గణితమునకు చెందినది, అర్థము ప్రయోక్తకు చెందినది. ఈ రెంటిని కలిపివేసి, తంత్రకర్తయగు సిద్ధుని మూలమధ్యమకకారికల కర్తతో ఏకము చేయుట పేరు నొక్కదానినే ప్రమాణముగా గొనుట యగును. నాగార్జునకొండలోని ఇక్ష్వాకు శాసనములు ఆ స్థలమును శ్రీపర్వతమనియు విజయపురియనియు పేర్కొన్నవి. ఆ క్షేత్రగౌరవమునకు ఈ శాసనములును, స్తూపవిహారములును చాలును. అరువు తెచ్చుకొన్న యంత్రము అక్కఱలేదు. దేశాభిమానము పరిశోధనకు ప్రేరణ కావచ్చును గాని ప్రమాణము కాజాలదని మా విద్యార్థులకు మనవి చేయుచున్నాము.