కందెన అడగని బుష్

కారు కింది రబ్బరు బుష్‌లను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా అంటే, ఎక్కువమంది చెప్పే జవాబు 'అది షెడ్డు పని' అని. అయితే ఎడ్లబండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒకప్పుడు చక్రం ఊడదీసి, ఇరుసు తుడిచి, వరిగడ్డి మసిని ఆముదంలో కలిపిన కందెన పూసి, చీల పెట్టుకునేవారు. కొత్త చక్రం కట్టడం వడ్రంగి పని, ఇనుప పట్టా ఎక్కించడం కమ్మరి పని, మిగతాదంతా బండిగలవాడి పని. ఆ పంపకం కారుకూ సరిపోతుంది. అంతేకాదు, బుష్ విషయంలో ఇంటి పనికి షెడ్డు పని కంటే ఒక మేలు కూడా ఉంది.

బండి చక్రం నడిమి కుండలో ఇనుప బుష్ ఉంటుంది. అది ఇరుసు మీద తిరుగుతూ ఇనుముతో ఇనుము రాసుకుంటుంది కాబట్టి కందెన కావాలి. 'కందెన వేయని బండికి కావలసినంత సంగీతం' అన్న సామెత ఆ రాపిడిలోంచి పుట్టిందే. కారు చట్రానికి చక్రాన్ని కలిపే లోయర్ ఆర్మ్‌లో ఉండే బుష్‌కు పేరు అదే, తీరు వేరు. ఒక ఇనుప గొట్టంలో మరొకటి, నడుమ రెంటికీ అతుక్కున్న రబ్బరు. బయటి గొట్టం ఆర్మ్‌లో బిగుతుగా కూర్చుంటుంది. లోపలి గొట్టాన్ని బోల్టు కదలకుండా పట్టేస్తుంది. చక్రం గుంతలో పడి లేచినా ఇక్కడ ఏదీ జారదు, ఏదీ రాసుకోదు. రబ్బరే మెలితిరిగి మళ్లీ మామూలవుతుంది. అందుకే పాత అలవాటు కొద్దీ దీనికి గ్రీజు పూస్తే చెరుపే. పెట్రోలియం గ్రీజు, ఇంజిన్ ఆయిల్ సహజ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. కిర్రుమన్న చోటల్లా కందెన అనే తెలివి ఇక్కడ చెల్లదు. చక్రం విప్పి కళ్లతో చూసుకునే ఓపిక మాత్రం అక్షరాలా చెల్లుతుంది.

ఈ పనిలోని అసలు మెలకువ కూడా ఆ మెలితిరగడంలోనే ఉంది. కారును జాకీ మీద లేపితే ఆర్మ్ కిందికి వేలాడుతుంది. అలా వేలాడుతుండగానే బోల్టు పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ కోణానికే కట్టుబడిపోతుంది. కారు నేలకు దిగగానే ఆర్మ్ పైకి వస్తుంది. ఇక ఆగి ఉన్నప్పుడు కూడా రబ్బరు మెలిపడే ఉంటుంది. శివరాత్రికీ, ఆ వెంట చక్రతీర్థ స్నానానికీ ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, జాతీయ రహదారి వదిలి వంశధార గట్టున ఉన్న శ్రీముఖలింగానికి తిరిగే కారును తలచుకోండి. నిండు బరువుతో ఆర్మ్ ఇంకా పైకి లేస్తుంది, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, మెలి మీద మెలి. కొత్త బుష్ అయినా తొందరగా చిట్లుతుంది, నింద మాత్రం రోడ్డు మీదో విడిభాగం మీదో పడుతుంది. కాబట్టి బోల్టును వదులుగానే ఉంచి, చక్రం వేసి, కారును నేల మీద నిలిపి, కాస్త ముందుకూ వెనక్కూ దొర్లించి, అప్పుడు టార్క్ రెంచ్‌తో కంపెనీ మాన్యువల్ లెక్క ప్రకారం బిగించాలి. పానా అందకపోతే ఆర్మ్ చివర కింద రెండో జాకీ పెట్టి, కారు బరువు దాని మీదికి వచ్చేదాకా లేపి బిగించవచ్చు. వరసగా బండ్లు ఎదురుచూసే షెడ్డులో లిఫ్ట్ మీదే బిగించేయాలన్న ఒత్తిడి ఉంటుంది. ఇంట్లో ఆ ఒత్తిడి లేదు.

శ్రమంతా విప్పడంలోనే. కళింగపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగే కార్లకు బోల్టు లోపలి గొట్టంలోనే తుప్పుపట్టి కరుచుకుంటుంది. ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచడం మంచిది. పాత బుష్ తీసే ముందు అది ఏ దిక్కుకు కూర్చుందో ఆర్మ్ మీద గీత పెట్టుకోవాలి. చాలా బుష్‌లలో కావాలనే వదిలిన ఖాళీలుంటాయి, అవి పక్కకు తిరిగితే బుష్ పనితీరే మారిపోతుంది. కొత్తదాన్ని ఎక్కించేటప్పుడు వైస్‌తో నొక్కినా, పొడవాటి బోల్టు, వాషర్లతో లాగినా, బలం బయటి గొట్టం మీదే పడాలి. సుత్తి దెబ్బలకు ఆర్మ్ వంగుతుంది. కదలకపోతే ఆర్మ్ విప్పి ప్రెస్ ఉన్న లేత్ షాపుకు తీసుకెళ్లడమే సరైన దారి. స్టెబిలైజర్ బార్ బుష్‌లకు చాలా కార్లలో ఇంత యాతన లేదు. చీలిక ఉన్న రబ్బరు, పైన ఒక క్లాంపు, రెండు బోల్టులు. కొత్తవారు వాటితోనే మొదలుపెట్టాలి.

ప్రాణభయం సంగతేమిటి అంటారు. ఆ భయం న్యాయమైనదే. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకూడదు. గట్టి నేల, రెండు జాక్ స్టాండ్‌లు, నేల మీదున్న చక్రాలకు అడ్డుచెక్కలు లేకపోతే పని మొదలుపెట్టనే వద్దు. రబ్బరుకు బదులు పాలీయురేథేన్ వేస్తే ఈ బాధ తప్పుతుందనేవారూ ఉన్నారు. అది గట్టిది, చాలా రకాల్లో గొట్టం మీద జారుతుంది, కాబట్టి తగిన గ్రీజు కావాలి, రోడ్డు అదురును ఎక్కువగా లోపలికి తెస్తుంది. ఇంటి అవసరాలకు తిరిగే కారుకు రబ్బరే మేలని నా అభిప్రాయం. ఇక మెకానిక్ పొట్ట కొడుతున్నామన్న మాట. ప్రెస్ పనీ, చివర్లో వీల్ అలైన్‌మెంటూ ఎలాగూ వారివే. పనంతా వారికే అప్పగించినా తప్పులేదు. అప్పుడు బిల్లు కట్టే ముందు అడగవలసింది ఒక్కటే: బోల్టు ఎక్కడ బిగించారు, లిఫ్ట్ మీదా, నేల మీదా?