పితూరి శబ్దము – ఏకశేషము
(లక్లావ్, మూఫుల సిద్ధాంతమునకు విమర్శ)

ప్రజ శబ్దమును గల్పించునా, శబ్దము ప్రజను గల్పించునా యను ప్రశ్న నవీన రాజనీతిశాస్త్రమునఁ బ్రధానమై యున్నది. ఎర్నెస్టో లక్లావ్, షాంతాల్ మూఫ్ అనువారు 1985లోఁ బ్రకటించిన ‘హెజిమొనీ అండ్ సోషలిస్ట్ స్ట్రాటజీ’ యను గ్రంథమున, జనవర్గములు ముందే సిద్ధములై యుండి పిమ్మట మాటలాడునవి కావనియు, వాక్కులును వ్యవహారములును బరస్పరసంబద్ధములైన వ్యవస్థయందే వానికి రూప మేర్పడుననియు వాదించిరి. ఈ వ్యవస్థకే వారు డిస్కోర్సని పేరిడిరి. శబ్దార్థసంబంధము నిత్యమని చదివినవారికి నీ మాట కటువుగాఁ దోఁపవచ్చును. కాని వ్యాకరణమునకుఁ బరిచితమైన దిందుఁ జాలఁ గలదు. నర్సీపట్టణపు మన్యము నుదాహరణముగాఁ గైకొన్నచో నది తెలియును. సిద్ధాంతమునందలి వెలితియు నచ్చటనే బయల్పడును.

మన్యమున 1879లోను, మరల 1922–24 సంవత్సరములందును జరిగిన తిరుగుబాటులకుఁ బితూరి యని పేరు. అరబ్బీ మూలమగు నీ పదము హిందూస్థానీ మార్గమునఁ దెలుఁగునఁ జేరి, దొరతనమువారి కాగితములకును నెక్కినది. తెలుఁగున దీనికి రెండర్థములు. అధికారితో నొరునిపైఁ జెప్పుకొను ఫిర్యాదు పితూరియే. అధికారిపైఁ గత్తి యెత్తుటయుఁ బితూరియే. లక్లావ్ 2005లో వెలువరించిన ‘ఆన్ పాపులిస్ట్ రీజన్’ అను గ్రంథమున, ‘డిమాండ్’ అను నాంగ్లపదమునకు మనవి చేయుట యనియు హక్కుగా నడుగుట యనియు రెండర్థములు గలవని చూపి, వినఁబడని మనవులు కూడుకొని ప్రజాశక్తి యగు విధమును వివరించెను. ఈ ప్రయోజనమునకుఁ బితూరి శబ్ద మాంగ్లపదముకంటె నెక్కువ తగినది. డిమాండునందలి రెండర్థములు దగ్గఱవి. పితూరియం దా రెంటి నడుమ నురిశిక్ష యంతటి దూరము గలదు.

1922 నాఁటి మనవు లేకవిధములు గావు. అటవీచట్టములచేఁ బోడు మానిపింపఁబడిన సేద్యగాని మొఱ యొకటి. నర్సీపట్టణమునుండి చింతపల్లికి వేయుచుండిన ఘాటురోడ్డుపై గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ చేయించిన పనికిఁ దగిన కూలి దొరకనివాని మొఱ వేఱొకటి. అధికారము పోఁగొట్టుకొన్న ముఠాదారు మొఱ మఱియొకటి. ముఠాదారునకును, వానికిఁ బన్ను గట్టు రైతునకును సహజమైన పొత్తు లేదు. శబ్దార్థమును నిర్ణయించు హేతువులలో సాహచర్యమును విరోధమును భర్తృహరి పేర్కొనెను. రామలక్ష్మణు లన్నచో రాముఁడు దాశరథి. రామార్జును లన్నచోఁ గార్తవీర్యునితోడి పగచేఁ బరశురాముఁడు. అట్లే దొరతనము విరోధిగా నిలిచినంతనే ముఠాదారును రైతును సహచరులైరి. లక్లావ్, మూఫులు సమతాశృంఖల యన్న దిదియే. ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు కొల్లపోవునప్పటికి మొఱలన్నిటికి నొక్క పేరే మిగిలెను: అల్లూరి సీతారామరాజు. ఆయన మైదానమువాఁడు, పోడు కొట్టినవాఁడు గాఁడు, రోడ్డుకూలి చేసినవాఁడు గాఁడు. కనుకనే యా పే రందఱిదియుఁ గాఁగలిగెను. ఇట్టి నామమును లక్లావ్ శూన్యసంకేత మనెను.

ఈ పరిభాష పాణినీయులకుఁ దృప్తి నీయదు. మిగిలిన పదము శూన్యము గాదు. ‘పితరౌ’ అనుచో మాతృశబ్దము లోపింపఁగా, శేషించిన పితృశబ్దమే తల్లినిఁగూడఁ జెప్పును. ఇది యేకశేషము. అందు ద్వివచనమే లేనిచోఁ దల్లి యున్నదని తెలియు దారి లేదు. ఏ పదము మిగులునో లక్లావ్ చక్కఁగాఁ జెప్పెను. లోపించినదాని జాడను నిలుపు ప్రత్యయ మేదో చెప్పలేదు. సీతారామరాజు 1924 మే 7న కొయ్యూరుకడఁ జంపఁబడెను. ఆయనతోఁ బోరిన గాము గంటందొర, మల్లుదొరల పేళ్లు మన్యము వెలుపల నెందఱికిఁ దెలియును? 2022లో నొక జిల్లాకు రాజు పేరు పెట్టిరి. (ఆయన సమాధి గల కృష్ణదేవిపేట మాత్రము నర్సీపట్టణముతోఁ గూడ ననకాపల్లి జిల్లాలోఁ బడినది.) ఆ పేరు విన్నప్పుడు పోడు, రోడ్డుకూలి స్ఫురించునా? పాణిని యిచ్చట వికల్పము నిచ్చెను. ‘మాతాపితరౌ’ అనుటయు సాధువే. ఆ వికల్పము లక్లావ్ గ్రంథమున లేదు.

మూఫ్ తరువాతి రచనలలో శత్రువును బ్రత్యర్థిగా మార్చుటయే ప్రజాస్వామ్యపు పని యనెను. ఈ తెలుఁగుసేఁత యామె భావమునకు మిక్కిలి యనుకూలము. ధర్మశాస్త్రములయం దర్థియుఁ బ్రత్యర్థియు నొక్క ధర్మాసనమునెదుట నిలుతురు. శత్రువుల కట్టి యాసనము లేదు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో మడిసిన కవర్డు, హైటరుల సమాధులు నర్సీపట్టణమున నున్నవి. నాఁటి పితూరిలోనివాఁడగు మల్లుదొర దీర్ఘశిక్ష ననుభవించి, 1952లో విశాఖపట్టణమునుండి లోకసభ కెన్నికయ్యెను. పితూరి చేసినవానికిఁ బితూరి చెప్పుకొనుటకు సభలోఁ జోటు దొరకెను. ఐనను నీ యుదాహరణము మూఫునకుఁ బూర్తిగాఁ దోడ్పడదు. ఉభయపక్షములును స్వాతంత్ర్యసమత్వముల నంగీకరింపవలె నని యామె నియమము. మల్లుదొరకు శిక్ష విధించిన దొరతనము వాని నంగీకరించి మాఱినది గాదు, 1947లోఁ దొలఁగిపోయినది. ధర్మాసనమే లేనిచోట నర్థి యేమి చేయవలెను? మన్యమువా రడిగిన దదియే. మూఫ్ విచార మాసన మేర్పడిన పిమ్మటనే మొదలగుచున్నది.