ఓ.పి. చీటీలో లేని నొప్పి

రెండేళ్ళ క్రితం అమ్మకి ఎడమ దవడ లాగుతూ ఆయాసం మొదలైంది. ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు ప్రశ్నలన్నీ నాన్ననే అడిగాడు. "వేళకి తినదండీ" అన్నారు నాన్న. ఓ.పి. చీటీలో ‘గ్యాస్’ అని పడింది. నాలుగు రోజుల తర్వాత పట్నంలో ఇ.సి.జి. తీస్తే గుండె జబ్బని తేలింది. అమ్మ బతికింది. ఆ చీటీ నేను దాచుకున్నాను. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కదా, కాగితం కనబడితే ఎవరు రాశారు, ఎవరి మాట వదిలేశారు అని చూడడం అలవాటైపోయింది.

వైద్యంలో కృత్రిమ మేధ గురించి ఎక్కడ విన్నా నాకు ఆ చీటీయే గుర్తొస్తుంది. యంత్రం రోగి మాట వినదు. ఎవరో ముందే రాసిపెట్టిన కేసుషీట్లు, ఫిల్ములు, బిల్లులు చదువుకుంటుంది.

బాగా చదవగలదు కూడా. స్వీడన్‌లో 80 వేల మంది స్త్రీల మామోగ్రామ్‌లతో జరిగిన పరీక్ష తొలి ఫలితాలు 2023లో వచ్చాయి. సగం మందివి ఎప్పటిలా ఇద్దరేసి రేడియాలజిస్టులు చూశారు, మిగతా సగానికి యంత్రం సాయపడింది. యంత్రం ఉన్నచోట డాక్టర్ల చదివే పని 44 శాతం తగ్గింది. దొరికిన క్యాన్సర్లు తగ్గలేదు. అటు 203, ఇటు 244. రేడియాలజిస్టులే దొరకని మన జిల్లాల్లో ఇది చిన్న విషయమా? యంత్రమనగానే పెదవి విరిచే స్నేహితురాళ్ళతో నేను ఏకీభవించలేను.

అయితే మామోగ్రామ్ ఆమె శరీరం నుంచి నేరుగా వచ్చిన బొమ్మ. బిల్లు అలాంటిది కాదు. అమెరికా ఆసుపత్రుల్లో ఎవరికి అదనపు సంరక్షణ కావాలో తేల్చే ఒక ప్రోగ్రామ్‌ని జియాద్ ఓబర్‌మేయర్ బృందం పరిశీలించి 2019లో ‘సైన్స్’ పత్రికలో రాసింది. అందులో జాతి ప్రస్తావనే లేదు. ముందుముందు ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టి, దాన్నే జబ్బు తీవ్రతగా తీసుకుంది. అంతే జబ్బున్నా నల్లజాతివారి మీద తక్కువ ఖర్చు జరుగుతోంది కనక, వాళ్ళు ఆరోగ్యవంతులన్నమాట! ఈ తప్పు దిద్దితే అదనపు సాయానికి ఎంపికయ్యేవారిలో వాళ్ళ వంతు 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందట.

ఖర్చు పెట్టలేదు కాబట్టి జబ్బు లేదు. ఈ తర్కం మన ఇళ్ళకి కొత్తా? తమ్ముడి కాలేజీ ఫీజు కోసం అమ్మ స్కానింగు రెండేళ్ళు వాయిదా పడింది. ఆ లెక్కన ఆ రెండేళ్ళూ అమ్మ నిక్షేపంలా ఉంది.

లెక్క మారిస్తే ఆ వివక్ష చాలావరకు తగ్గిందని కూడా ఆ బృందమే చూపించింది. అంటే అది యంత్రం స్వభావం కాదు. ఏది కొలవాలో కొందరు మనుషులు కూర్చుని నిర్ణయించారు. విమర్శ మొదలవ్వాల్సింది అక్కడ.

షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాయగా 1892లో అచ్చయిన ‘ద యెల్లో వాల్‌పేపర్’ కథలో డాక్టరు భర్త భార్యని రాయొద్దంటాడు. ఆమె దొంగతనంగా రాసుకుంది కాబట్టే ఆమె ఏం అనుభవించిందో మనకి తెలుసు. భర్త రాసిన కేసుషీటు ఒక్కటే మిగిలి ఉంటే? ఏ యంత్రమైనా అతని మాటే నేర్చుకుంటుంది.

మొన్న చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరమ్మని, అమ్మ చెప్పింది చెప్పినట్టే రాయమని అడిగాను. ఆవిడ విసుక్కోలేదు. "దవడ లాగుద్దమ్మా, పంటి కింద కాదు, ఇంకా లోపల" అంది అమ్మ. కంప్యూటర్లో దానికి గడి లేదు. ఆవిడ కాసేపు వెతికి ‘ఇతరములు’ దగ్గర నొక్కింది.