ముందు పిడి, తర్వాత రంగు

వంటింటి అల్మరాలకు రంగులు వేయించేటప్పుడు ఇప్పుడు దాదాపు అందరిదీ ఒకటే వరస. ముందు షేడ్ కార్డు తెచ్చుకుంటారు. ఇంటిల్లిపాదీ కూర్చుని లేత ఆకుపచ్చా, బూడిద రంగా అని తేల్చుకుంటారు. పెయింటింగ్ అంతా అయిపోయి, పాలు పొంగించే ముహూర్తం నెత్తిమీదికి వచ్చాక హార్డ్‌వేర్ షాపుకు పరిగెత్తి, ఉన్నవాటిలో ఏదో ఒక హ్యాండిల్ పట్టుకొస్తారు. ఈ వరస తిరగబడాలని నా గట్టి నమ్మకం. రంగుకు వేల షేడ్లున్నాయి. చుక్క పసుపు ఎక్కువ వేయమన్నా, చుక్క నలుపు తగ్గించమన్నా కలిపి ఇస్తారు. లోహంతో ఆ బేరం కుదరదు. మారనిదాన్ని ముందు ఖాయం చేసుకుని, మార్చగలిగినదాన్ని దానికి సర్దుకోవడం తెలివైన పని.

మన పాత ఇళ్ళు కట్టిన వడ్రంగులకు ఇది తెలుసు. మండువా ఇళ్ళలో గోడలోకి దించిన టేకు బీరువాలను ఒకసారి దగ్గరగా చూడండి. తలుపు రెక్క మీద ఇత్తడి రింగు, దాని వెనక అరచేయంత ఇత్తడి పళ్ళెం, పక్కన ఇత్తడి గడియ, అంచుల్లో ఇత్తడి మడతబందులు. చెక్క మీద లక్క పాలిష్. ఆ రెండింటి జోడీ కళ్ళకు అంత హాయిగా ఎందుకుంటుందంటే, రెండింటి ఒంటి రంగూ ఒకటే కుదురుది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే జిగురును శుభ్రం చేస్తే తేనె రంగు రేకులొస్తాయి. వాటిని స్పిరిట్‌లో కరిగించి పూస్తే అదే లక్క పాలిష్. రాంచీ దగ్గర 1924లో ప్రత్యేకంగా లక్క పరిశోధన సంస్థనే పెట్టారంటే ఆ సరుకుకు ఒకప్పుడున్న గిరాకీ అర్థమవుతుంది.

తేనె రంగు పొర కింద టేకు వెచ్చగా కనిపిస్తుంది, దాని మీద ఇత్తడి పరాయిదిలా అనిపించదు. అసలు గొప్పతనం ఆ తర్వాత పదేళ్ళకు బయటపడుతుంది. గాలి తగిలి ఇత్తడి మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతుంది. టేకూ, పాలిషూ కూడా ఏటికేడు ముదురుతాయి. అన్నీ కలిసి ఒకే దిక్కుకు ముదురుతాయి కనుక ఎప్పటికప్పుడు జత కుదిరే ఉంటుంది. కొన్నరోజు అందం చూసి జత కట్టడం సులువు. పదేళ్ళ తర్వాత ఎలా ఉంటాయో ఊహించి జత కట్టడంలోనే పనితనం ఉంది. ఈ పాత పద్ధతి నుంచి మనం తీసుకోవాల్సింది అదే.

దీనికి ఎదురు ఉదాహరణ ఎన్నో వంటిళ్ళలో ఉంది. తెల్లటి ఆయిల్ ఎనామిల్ వేయించి, తళతళలాడే క్రోమ్ హ్యాండిళ్ళు బిగిస్తారు. ఆయిల్ ఎనామిల్‌కు ఒక గుణం ఉంది, అది కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. వెలుతురు తగలని చోట మరీను. తలుపు తెరిస్తే బయటి వైపు కన్నా లోపలి వైపు ఎక్కువ పచ్చబడి కనిపించేది అందుకే. క్రోమ్ మాత్రం ఎప్పటిలాగే నీలి ఛాయతో చల్లగా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు పక్కన పచ్చబడ్డ తెలుపు మాసినట్టు కనిపిస్తుంది, ఎంత తుడిచినా సరే. అదే ఎనామిల్ మీద ఇత్తడి ఉంటే ఆ పసుపు మీగడ రంగులా కలిసిపోతుంది. కాబట్టి స్టీలో క్రోమో కావాలనుకున్నవాళ్ళు పసుపెక్కని రకం పీయూ (పాలీయురేథేన్) పెయింట్ అడిగి వేయించుకోవాలి. ఎనామిల్‌తో సరిపెట్టుకునేవాళ్ళు ఇత్తడి వైపు మొగ్గితే మంచిది.

లక్క పాలిష్ వేసే పద్ధతి చూడముచ్చటైనది. దూదిని ఉండలా చేసి, బాగా ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డలో చుట్టి మూట కడతారు. పాలిష్ మూట లోపలి దూదికి పట్టించాలి, బయట ముంచకూడదు. నొక్కితే గుడ్డలోంచి చెమ్మలా ఊరాలి. అంటుకోకుండా ఒక్క చుక్క నూనె రాస్తారు. ఇక అక్కణ్ణుంచి చెయ్యి ఆగకూడదు. చెక్క మీద చేయి ఆగిన చోట కింది పొర కరిగి మచ్చ పడుతుంది. సున్నాలు చుడుతూ పోయి, ఆరనిచ్చి, సన్నటి ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్ది, మళ్ళీ పూత. అలా పూత మీద పూత వేసి, చివరి చేతులు మాత్రం చెక్క గీత వెంట నిలువుగా లాగుతారు. ముసురు పట్టిన రోజున మంచి పనివాడు మూట ముట్టుకోడు. గాలిలో తేమ ఎక్కువైతే పూత తెల్లగా పాలిపోతుందని అతనికి తెలుసు.

ఇంత చెప్పాక దాని బలహీనతా చెప్పాలి. లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్ పడితే కరుగుతుంది, సోడా కలిసిన సబ్బు నీళ్ళు తగిలినా దెబ్బ తింటుంది. పొయ్యి పక్కనా, సింకు కిందా అది నిలవదు. పప్పులు, పచ్చళ్ళు పెట్టుకునే పై అల్మరాలకూ, వంటింటిని ఆనుకుని ఉన్న దేవుడి గది తలుపులకూ హాయిగా వేయించుకోవచ్చు. కింది వరసకు పీయూ వేయించి, దాని రంగు లక్క ఛాయకు దగ్గరగా కలిపించుకుంటే రెండూ కలిసిపోతాయి.

పీయూ అంటే రెండు డబ్బాల సరుకు. బేస్‌లో హార్డెనర్ కలిపాక గడువులోగా వాడేయాలి, మిగిలింది డబ్బాలోనే గట్టిపడుతుంది. గన్‌తో కొడతారు కనుక బ్రష్ గీతలు పడవు. దాని అందం పై కోటులో కన్నా కింది పనిలోనే ఎక్కువ. లప్పం పెట్టి, రుద్ది, ప్రైమర్ కొట్టి, మళ్ళీ 320 నంబర్ కాగితంతో రుద్ది, తడి గుడ్డతో తుడిచి, పక్క నుంచి టార్చి వేసి చూసుకోవాలి. ఎదురుగా కనిపించని గుంతలన్నీ పక్క వెలుతురులో బయటపడతాయి. ఇక్కడ ఒక రోజు కలిసొస్తుందని తొందరపెట్టే యజమానులే ఎక్కువ. దయచేసి ఆ పని చేయకండి.

ఇక మెరుపు సంగతి. రంగు కన్నా దీని మీదే ఎక్కువసేపు ఆలోచించాలని నేనంటాను. లోహం మెరిసేదైతే చెక్క నెమ్మదిగా ఉండాలి. లోహం మసక మెరుపుదైతే చెక్క కొంచెం మెరవొచ్చు. చీర ఒంటికీ అంచుకూ మధ్య ఉండే ఒప్పందమే ఇది. హైగ్లాస్ షట్టర్ మీద అద్దంలాంటి క్రోమ్ పెడితే రెండూ వెలుతురును ఎగదోస్తాయి, కన్ను ఆనడానికి చోటుండదు. పైగా వేలిముద్రలు రెండింటి మీదా కనిపిస్తాయి. అదే హైగ్లాస్ మీద గీతలు తేలిన బ్రష్డ్ స్టీలు పెట్టండి, ఎంత కుదురుగా ఉంటుందో. మెరుగుపెట్టిన ఇత్తడికి సాటిన్ ఫినిష్‌లో ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం బాగా ఒప్పుతాయి. పసుపు లోహం పక్కన నీలం ఉంటే ఒకదాన్నొకటి ఎత్తి చూపుతాయి.

పూర్తి మ్యాట్ ఫినిష్ మీద ఈమధ్య మోజు పెరిగింది. ఫొటోల్లో బాగుంటుంది. కానీ మన వంట వేరు. రోజూ పోపు పెట్టే ఇంట్లో నూనె ఆవిరి మ్యాట్ మీద పట్టుకుని వదలదు. తుడవగా తుడవగా హ్యాండిల్ చుట్టూ ఉన్న చోటు నున్నబడి, అక్కడొక్కటే మెరుస్తూ కనిపిస్తుంది. ఆ మెరుపు మచ్చను మళ్ళీ మ్యాట్ చేయడం కుదరదు, షట్టర్ మొత్తం కొట్టాల్సిందే. అందుకే పొయ్యి దరిదాపుల్లో సాటిన్ కన్నా కిందికి దిగొద్దని పెయింటర్‌కు ముందే చెప్పండి.

పాత రింగు వెనక ఇత్తడి పళ్ళెం గురించి ఇందాక చెప్పాను. అది సోకు కోసం పెట్టింది అనుకుంటాం. తలుపు లాగినప్పుడల్లా గోళ్ళు గీసుకునేదీ, తడిచేయి తగిలేదీ, రింగు ఊగి కొట్టుకునేదీ సరిగ్గా ఆ చోటే. ఆ దెబ్బలన్నీ పళ్ళెం తింటుంది, పాలిష్ తినదు. ఇప్పటి సన్నటి హ్యాండిళ్ళకు ఆ రక్షణ లేదు. ఎక్కువ వాడే అరలకైనా వెనక ప్లేటున్నవి వెతికి తెచ్చుకోవాలి. జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి రేకు పనికి పేరెన్నికగన్న ఊరు, దాని లోహపు పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రేకు మీద నగిషీ తెలిసిన చేతులు దగ్గరలోనే ఉన్నప్పుడు ప్లేట్లు చేయించుకునే ఆలోచన చేయడంలో తప్పేముంది? అలాగే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణ మీద తిప్పుతూ రంగు లక్కను ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆ పనితనంతో గుండ్రటి నాబ్‌లు చేయించుకుంటే రంగురంగుల బొమ్మలంత ముద్దుగా ఉంటాయి. వాటికి ఒకే రంగు సాదా షట్టర్ సరిపోతుంది. లక్క కనుక పొయ్యికి దూరంగా ఉన్న అరలకే వాడాలి.

కాకినాడ, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు ఒక మాట వినాలి. జింకు మిశ్రమం మీద క్రోమ్ పూత పూసిన చవక హ్యాండిళ్ళు ఉప్పుగాలికి పొక్కులు లేస్తాయి. ఆ పొక్కుల కింది మరక పెయింట్ మీదికి దిగుతుంది. అక్కడ గట్టి ఇత్తడి లేదా మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలే మేలు. చేతికి బరువు తెలుస్తుంది, తేడా పట్టుకోవడం కష్టం కాదు.

ఎంపికకు ముందు రెండు చేతులంత చెక్క ముక్క మీద అనుకున్న పెయింట్ కొట్టించి, అనుకున్న హ్యాండిల్ నిజంగానే బిగించి వంటింట్లో పెట్టండి. పొద్దున కిటికీ వెలుతురులో చూడండి, రాత్రి లైటు వేసి చూడండి. తెల్లటి 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు కింద ఇత్తడి కాస్త పచ్చగా, నీరసంగా కనిపిస్తుంది. 3000 కెల్విన్ బల్బు కింద అదే ఇత్తడికి ప్రాణం వస్తుంది, తెల్లరంగు మాత్రం మీగడలా మారుతుంది. లైట్లు ఏవో తేలకుండా షేడ్ ఖాయం చేయకండి.

బిగించే పనిలో వడ్రంగుల పాత పద్ధతి ఇప్పటికీ చెల్లుతుంది. ముందు హ్యాండిళ్ళు ఉత్తినే బిగించి, అన్నీ ఒక వరసలో వచ్చాయో లేదో చూసి, విప్పి, అప్పుడు పాలిష్‌కు ఇచ్చేవారు. రంధ్రాల అంచులకూ పూత పడేది. ఎండీఎఫ్ షట్టర్లకు ఇది మరీ అవసరం, పూతలేని రంధ్రంలోకి నీళ్ళు దిగితే చెక్క ఉబ్బి పెయింట్ లేచిపోతుంది. టేకులోకి ఇత్తడి స్క్రూ నేరుగా తిప్పితే తల విరుగుతుంది. అదే కొలత ఇనుప స్క్రూతో ముందు దారి చేసి, తీసేసి, ఇత్తడి స్క్రూకు కాస్త మైనం రాసి ఎక్కించాలి.

ఇత్తడిని చింతపండుతో తోమడం మనకు అలవాటే. హ్యాండిల్ మీద పారదర్శకమైన లాకర్ పూత ఉంటే మాత్రం చింతపండు, పీతాంబరి జోలికి పోవద్దు. మెత్తటి తడి గుడ్డ చాలు. పూత లేని ఇత్తడైతే విప్పి తీసి తోమి మళ్ళీ బిగించండి, తలుపు మీదుండగా తోమితే చింతపండు రసం, నల్లటి మడ్డి పెయింట్ మీద గీత కడతాయి. పని ముగిశాక రంగు కోడ్, ఫినిష్ పేరు ఒక చీటీ మీద రాసి అల్మరా తలుపు లోపల అంటించండి. రెండు హ్యాండిళ్ళు అదనంగా కొని పెట్టుకోండి. రేపు ఆ మోడల్ దొరక్కపోయినా, రెండు రంధ్రాల మధ్య దూరం 96, 128, 160 మిల్లీమీటర్ల లాంటి మామూలు కొలతల్లో ఉంటే కొత్తది అదే చోట కూర్చుంటుంది, పెయింట్ ముట్టుకోనక్కర్లేదు.