ట్యూనర్ డబ్బాకు పరీక్ష

కంప్యూటర్‌కు బయట తగిలించే టీవీ ట్యూనర్లు రెండు రకాలు. ఒకటి యూఎస్‌బీ స్టిక్. దీనికి కంప్యూటర్ నడుస్తూ ఉండాలి, సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. రెండోది సీపీయూకీ మానిటర్‌కీ నడుమ కూర్చునే చిన్న డబ్బా. దీనికి సీపీయూతో పనే లేదు. రిమోట్ నొక్కితే వార్తలు వచ్చేసేవి. బీర్కూర్ లాంటి మండల కేంద్రాల్లో జిరాక్స్ షాపులకూ డీటీపీ సెంటర్లకూ సరిగ్గా అతికింది ఈ రెండో రకమే. పగలంతా దరఖాస్తులు టైపు చేసిన మానిటరే రాత్రికి క్రికెట్ చూపించేది.

అమ్మేచోట టెస్టింగ్ అంటే బొమ్మ పడిందా లేదా అన్నంతవరకే. షాపు వైరులో బలమైన సిగ్నల్ ఉంటుంది కాబట్టి ఎంత నాసి డబ్బా అయినా అక్కడ పాసవుతుంది. అసలు పరీక్ష ఇంటి వైరు మీద జరగాలి.

మొదట డబ్బాను కాదు, వైరును పరీక్షించాలి. అదే వైరును మామూలు టీవీకి పెట్టి బొమ్మ చూసి, ఆ తర్వాతే డబ్బాకు పెట్టాలి. టీవీలోనూ చుక్కలు కనిపిస్తే ట్యూనర్‌ను తిట్టి లాభం లేదు. ఇంటి దగ్గర కేబుల్ సిగ్నల్ సుమారు 60 నుంచి 80 డెసిబెల్ మైక్రోవోల్టుల మధ్య ఉంటే మంచిది. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కటి పెట్టినా అందులో మూడున్నర డెసిబెళ్లకు పైగా పోతుంది. పిన్ను విప్పి చూడటం కూడా పరీక్షలో భాగమే. పై జాలీలోంచి వెంట్రుకంత తీగ ఒక్కటి నడిమి రాగి తీగకు తగిలినా బొమ్మ మాయమవుతుంది. పాడైందని తిరిగొచ్చే డబ్బాల్లో కొన్నిటి రోగం ఈ వెంట్రుకే.

ఇక ఎర్తింగ్. ఎన్నిసార్లు చెప్పినా, ఇల్లు కట్టేటప్పుడు గచ్చు రంగు మీద పెట్టే శ్రద్ధ ఎర్త్ గుంత మీద పెట్టేవారు అరుదు. కంప్యూటర్ పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్)లో ఫేజుకూ న్యూట్రల్‌కూ క్యాబినెట్‌కూ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే వాటిలోంచి కారే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ ఇనుము మీద సగం వోల్టేజీ, అంటే నూటపది నూటఇరవై దాకా, తిష్ఠ వేస్తుంది. కరెంటు స్వల్పమే కనుక ప్రాణం మీదికి రాదు, చేతికి జిల్లుమంటుంది. ఇదే ఇంట్లోకి స్తంభాల మీదుగా కేబుల్ వైరు వస్తుంది. దాని జాలీ ఎక్కడో వీధి చివర యాంప్లిఫయర్ దగ్గర మరో కనెక్షన్‌తో ముడిపడి ఉంటుంది. ఈ రెండూ కలిసే చోటు ట్యూనర్ డబ్బాయే. అందుకే తగిలించే ముందు స్క్రూడ్రైవర్ టెస్టర్‌ను ఒకసారి క్యాబినెట్‌కూ, ఒకసారి వైరు పిన్ను అంచుకూ తాకించి చూడాలి. ఏ ఒక్కచోట నియాన్ వెలిగినా పని ఆపి ఎర్త్ సంగతి తేల్చుకోవాలి. తేలాక కూడా ప్లగ్గులన్నీ పీకి వైర్లు కలిపి, చివర్న కరెంటు ఇవ్వాలి. మంజీర ఒడ్డున తొలకరి ఉరుములు మొదలైతే స్విచ్ కట్టేసినంత మాత్రాన సరిపోదు, కేబుల్ పిన్ను కూడా లాగేయాలి. పిడుగు దెబ్బ డబ్బాతో ఆగదు, వీజీఏ పోర్టు మీదుగా మదర్‌బోర్డునూ వెంట తీసుకుపోతుంది.

స్కానింగ్‌కు ముందు మెనూలో సౌండ్ సిస్టం చూడాలి. చైనా వాడిన పాల్ డి/కెలో శబ్దం బొమ్మకు 6.5 మెగాహెర్ట్జ్ ఎడంగా ప్రయాణిస్తుంది. మన పాల్ బి/జిలో ఆ ఎడం 5.5 మాత్రమే. డబ్బాలో అక్కడి సెట్టింగే ఉండగా స్కాన్ చేస్తే బొమ్మ శుభ్రంగా వస్తుంది, యాంకర్ గొంతు బదులు బుస్సుమని మోత వస్తుంది. స్పీకర్ పాడైందనుకుని విప్పకూడదు. మెనూలో ఆ ఒక్క సెట్టింగు మారిస్తే చాలు.

బొమ్మ నాణ్యతకు వార్తా ఛానల్ స్క్రోలింగును మించిన పరీక్ష లేదు. పాల్ పద్ధతిలో 625 గీతల బొమ్మ బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి చొప్పున సెకనుకు 50 సగాలుగా వస్తుంది. మానిటర్ మాత్రం సెకనుకు 60 నిండు బొమ్మలు గీస్తుంది. సగాలను కుట్టి, 50ని 60 చేసే పని డబ్బాది. చౌక డబ్బాల్లో ఆ కుట్టు సరిగా పడక కదిలే అంచులు దువ్వెన పళ్లలా చీలుతాయి, స్క్రోల్ ఆగి ఆగి జరుగుతుంది. తెలుగు అక్షరం ఈ లోపాన్ని ఇట్టే పట్టిస్తుంది. తలకట్టు కింది సన్నని సందు పూడితే ‘ప’ కాస్తా ‘వ’ అయి కూర్చుంటుంది. కూర్చున్న దూరం నుంచి స్క్రోల్ తడబడకుండా చదవగలిగితే డబ్బా పాస్. తర్వాత విండోస్ తెర మీదికి మళ్లి, డబ్బా ఉన్నప్పుడూ లేనప్పుడూ చిన్న అక్షరాలను పోల్చి చూడాలి. పగలంతా టైపు చేసే మానిటర్‌లో అక్షరం మసకబారితే ఆ డబ్బా ఉచితంగా వచ్చినా వద్దు.

యూఎస్‌బీ రకానికి ఒక్క లెక్క చాలు. 720 బై 576 చుక్కల బొమ్మ, సెకనుకు 25, చుక్కకు రెండు బైట్లు: సుమారు 166 మెగాబిట్లు. పాత యూఎస్‌బీ 1.1 పోర్టు వేగం 12 మెగాబిట్లే. కాబట్టి బొమ్మను పిండకుండా పంపే స్టిక్‌కు యూఎస్‌బీ 2.0 ఉండి తీరాలి.

ఇదంతా చదివాక, ఈ పాత సరుకుకు ఇన్ని పరీక్షలెందుకని అడగవచ్చు. నిజమే, కేబుల్ డిజిటలైజేషన్ 2012లో మహానగరాలతో మొదలై, నాలుగో దశలో పల్లెలకు చేరింది; దాని గడువు 2017 మార్చి 31. బీర్కూర్ ఆ దశలోదే. 2022 నాటికి దూరదర్శన్ కూడా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నిటినీ కట్టేసింది. అంటే పాత డబ్బాలోని ట్యూనర్‌కు ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. సెట్‌టాప్ బాక్స్ ఆర్‌ఎఫ్ తీగతో మూడో నాలుగో ఛానల్ మీద పంపిస్తే తప్ప స్కాన్‌లో చుక్కలే దొరుకుతాయి.

అయినా డబ్బాను పాత సామాను వాడికి వేయనక్కర్లేదు. వెనక ఉన్న పసుపు, ఎరుపు, తెలుపు ఏవీ పోర్టులు ఇప్పుడు దాని అసలు ముఖం. ఏవీ అవుట్‌పుట్ ఉన్న ఫ్రీ డిష్ బాక్స్‌ను వాటికి తగిలిస్తే, మూలన పడ్డ వీజీఏ మానిటర్ నెలవారీ బిల్లు లేని టీవీ అవుతుంది. దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ అయిన ఈ ఫ్రీ డిష్ 2004 డిసెంబర్ నుంచి నడుస్తోంది, అందులో తెలంగాణకు డీడీ యాదగిరి ఛానల్ ఉంది. కనుక సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఛానల్ స్కాన్ దగ్గర సమయం వృథా చేయక, పసుపు పోర్టులో జాక్ కదిపి చూడాలి. వదులుగా ఉంటే రంగు వచ్చి పోతుంటుంది. ఎరుపు, తెలుపు జాక్‌లను ఒక్కొక్కటిగా పీకి ఏ పక్క స్పీకర్ మూగబోతుందో వినాలి. వైడ్ మానిటర్ అయితే ముఖాలు సాగకుండా 4:3 ఎంపిక మెనూలో ఉందా అని చూడాలి. ఆ పైన రెండు గంటలు వదిలేసి అడాప్టర్ మీద చెయ్యి పెట్టాలి. చెయ్యి నిలవనంత వేడెక్కితే అడాప్టర్ మార్చాలి, అదే వోల్టేజీది, ప్లస్ మైనస్ చూసి.