వార్డు మనకు, నక్ష వాళ్లకు: పట్టణ పాలనలో భూమి, కులం

మున్సిపాలిటీల అవినీతి మీద మన దగ్గర రాతలకు కొదవ లేదు. ఇంటి పర్మిషన్‌కు ఇంత, నల్లా కనెక్షన్‌కు ఇంత, బిల్లు పాస్ కావడానికి ఇంత అని లెక్కలు వేస్తారు. ఏసీబీ వలలో టౌన్ ప్లానింగ్ ఉద్యోగి పడితే ఫొటో వేస్తారు. ఈ రాతలన్నీ లంచం దగ్గర మొదలై లంచం దగ్గరే ఆగిపోతాయి. మరి లంచం లేకుండా, రసీదుతో, తీర్మానంతో, గెజిట్‌తో జరిగిపోయే దోపిడీ మాటేమిటి? పొలాన్ని నివాస జోన్‌గా మార్చే ఒక్క గీత దాని యజమానికి తెచ్చిపెట్టే లాభం ముందు ఉద్యోగి జేబులో పడే పదివేలు ఏపాటివి? పట్టణ పాలనలో అసలు ప్రశ్న లంచం కాదు, భూమి. భూమి ప్రశ్న అంటే మన దేశంలో కులం ప్రశ్నే. ఈ రెంటినీ విడదీసి చేసే అవినీతి విమర్శ అగ్రకుల విమర్శగానే మిగిలిపోతుందని మేము భావిస్తున్నాం.

ముందు చట్టం ఏం చూస్తుందో, ఏం చూడదో గమనించాలి. మన మున్సిపల్ చట్టాలకు ప్రయోజనాల వైరుధ్యం అంటే కాంట్రాక్టే. మోరీ కట్టే పనిలోనో, రోడ్డు వేసే పనిలోనో వాటా ఉన్నవాడు సభ్యుడిగా ఉండడానికి వీల్లేదు. దీన్ని ఎవరూ కాదనరు. అయితే 1949 నాటి బొంబాయి ప్రావిన్షియల్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టాన్ని చూడండి. కాంట్రాక్టులో వాటా ఉంటే అనర్హుడని చెప్పిన అదే సెక్షన్, కింద మినహాయింపుల జాబితా ఇస్తుంది. స్థిరాస్తి కౌలు, అమ్మకం, మార్పిడి, కొనుగోలులో వాటా ఉన్నంత మాత్రాన అనర్హత రాదంటుంది. అంటే సిమెంటు బస్తా చట్టానికి కనిపిస్తుంది, ఎకరం కనిపించదు.

సభ్యుడు తన సొంత ఆర్థిక ప్రయోజనం ఉన్న విషయంలో ఓటు వేయకూడదనే నియమం కూడా స్థానిక సంస్థల చట్టాల్లో ఉంటుంది. కానీ ప్రజలందరికీ వర్తించే విషయాలను ఆ నియమం పక్కన పెడుతుంది. మాస్టర్ ప్లాన్ ఊరందరికీ వర్తించేదే కదా! కాబట్టి తన ఇరవై ఎకరాల పక్క నుంచి వంద అడుగుల రోడ్డు పోయే ప్లాన్‌కు చెయ్యెత్తిన సభ్యుడు, ఆ రోడ్డు కింద గుడిసె పోయే మనిషి, ఇద్దరూ చట్టం దృష్టిలో ఒకే ‘ప్రజలు’. ఈ సమానత్వం మనకు కొత్తది కాదు. గుడి అందరిదీ, చెరువు అందరిదీ అని చెప్పిన సమానత్వమే ఇది.

పైగా భూమి ఒక్కడి పేర ఉండదు. 2003 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఎన్నికల్లో నిలబడేవాళ్లు తమ ఆస్తులతోపాటు భార్య లేదా భర్త, తమ మీద ఆధారపడినవాళ్ల ఆస్తులు కూడా చెప్పాల్సి వచ్చింది. మంచిదే. కానీ వెంచర్ ఎవరి పేర నడుస్తుంది? అన్న పేర, బామ్మర్ది పేర, వియ్యంకుడి పేర, పొత్తుదారుడి పేర. అఫిడవిట్‌కు అందని ఈ బంధుత్వాలే మన సమాజంలో పెట్టుబడి. పెళ్లిళ్లు కులం లోపలే జరిగేచోట భూమి, డబ్బు, పదవి కూడా కులం లోపలే తిరుగుతాయి. లేఅవుట్ వేసేవాడు, దానికి భూమి ఇచ్చేవాడు, కౌన్సిల్లో దాని గురించి మాట్లాడేవాడు వేర్వేరు మనుషులుగా కనిపిస్తారు. శుభలేఖలు చదివితే ఒకే కుటుంబమని తెలుస్తుంది. బిల్డర్ బయటినుంచి వచ్చి మున్సిపాలిటీని ‘ప్రభావితం’ చేస్తున్నాడనే మాట అందుకే సగం నిజం. చాలాచోట్ల అతను బయటివాడే కాదు.

మరి మున్సిపాలిటీతో మన సంబంధం ఏమిటి? దళితులు తరాల తరబడి ఆ ఆఫీసులోకి చీపురుతోనే వెళ్లారు. అయినా పట్నం మీద మనకొక ఆశ ఉంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో మాట్లాడుతూ అంబేడ్కర్, గ్రామాన్ని ఆదర్శంగా చూపేవాళ్లను ఎండగట్టారు. 1985లో కారంచేడు బాధితులు తలదాచుకున్నది చీరాల పట్నంలోనే. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఈ ఆశకు ఒక రూపం ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు జనాభా ప్రకారం సీట్లు వచ్చాయి. చైర్‌పర్సన్ పదవుల్లోనూ రిజర్వేషన్ వచ్చింది. చీపురు పట్టిన ఇంటినుంచి కౌన్సిలర్ వచ్చింది. ఇది చిన్న విషయం కాదు.

అదే సవరణ పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు పెట్టింది. వాటిలో మొదటిది పట్టణ ప్రణాళిక. రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. ఆ అధికారాలను మున్సిపాలిటీలకు ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం రాష్ట్రాలకు వదిలేశారు. మన రాష్ట్రంలో అప్పటికే 1975 చట్టం కింద పట్టణాభివృద్ధి సంస్థలు పనిచేస్తున్నాయి. హైదరాబాద్‌లో హుడా పోయి 2008లో హెచ్‌ఎండీఏ వచ్చింది. పేరు మారింది, పరిధి పెరిగింది. నక్ష గీసే చెయ్యి మాత్రం ఎన్నికైన వార్డు సభ్యురాలిది కాలేదు. వార్డు మనకు ఇచ్చారు, నక్ష వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత వార్డు సభ్యుల మీద పెట్టింది, విఫలమైతే పదవే పోతుందని బెదిరించింది. మొక్కకు శాతం కట్టిన చట్టం, జోన్ మారిన భూమి ఏ సభ్యుడి బంధువులదో చెప్పమని ఎందుకు అడగదు?

కామారెడ్డిని తీసుకుందాం. ఒక ప్రైవేటు కన్సల్టెన్సీ తయారుచేసిన ముసాయిదా మాస్టర్ ప్లాన్ చుట్టుపక్కల ఊళ్ల సాగుభూముల్ని పారిశ్రామిక జోన్‌లోనూ, ప్రతిపాదిత రోడ్ల కిందా చూపించింది. భూమి పోతుందన్న బెంగతో 2023 జనవరి 4న ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మర్నాడు రైతులు కలెక్టరేట్ ముట్టడించారు. పలుకుబడి ఉన్నవాళ్ల కోసమే గీతలు జరిగాయన్న ఆరోపణలు వచ్చాయి. చివరికి జనవరి 20న కౌన్సిల్ ఆ ముసాయిదా రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాల కౌన్సిల్ కూడా అదే దారి పట్టింది. పోరాడితే నక్ష ఆగుతుందని ఆ రైతులు రుజువు చేశారు. వాళ్లకు మా మద్దతు ఉంది.

అయితే ఈ గెలుపు ఒక ప్రశ్న కూడా మన ముందు పెట్టింది. అభ్యంతరం రాయాలంటే సర్వే నెంబరు కావాలి, పాసుబుక్కు కావాలి. కౌలుదారు ఏ నెంబరు రాయాలి? ఆ పొలంలో నాట్లేసే మాదిగ కూలి మనిషి ఏ కాగితం పట్టుకొని కౌంటర్ దగ్గర నిలబడాలి? పొలం ప్లాటైతే రైతుకు కనీసం ధర వస్తుంది. ఆమెకు పని పోతుంది, బదులేమీ రాదు. అసైన్డు పట్టా ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకో రకం. 1977 చట్టం ఆ భూముల అమ్మకాలను నిషేధించింది. పేదల చేతిలో భూమి నిలవాలన్నది దాని ఉద్దేశం. పట్టణం దగ్గరికి వచ్చేసరికి ఆ రక్షణే తక్కువ విలువ కట్టడానికి సాకైంది. సర్కారు అసైన్డు భూమి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో చేవెళ్ల ఆర్డీవో కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. అయినా 2015లో అమరావతి భూసమీకరణ మొదలైనప్పుడు ఏం చేశారు? మెట్ట పట్టా భూమి ఎకరానికి 1000 గజాల నివాస స్థలం అన్నారు, అసైన్డుకు 800 గజాలన్నారు. మట్టి ఒకటే. తేడా కాగితంలో ఉంది, కాగితం వెనక కులం ఉంది.

అనధికార లేఅవుట్ల కథ కూడా ఇంతే. రోడ్డు వేయకుండా, మోరీ తీయకుండా, పార్కుకు జాగా వదలకుండా ప్లాట్లు అమ్ముకొని వెంచర్ యజమాని వెళ్లిపోతాడు. తర్వాత క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. 2007 చివర, 2015లో, 2020లో ఇలాంటి ఉత్తర్వులు వచ్చాయి. తెలంగాణలో 2020 పథకానికే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అపరాధం ఎక్కువగా కట్టేది లేఅవుట్ వేసినవాడు కాదు, చిట్టీ ఎత్తి వంద గజాలు కొన్న గుమాస్తా, ఆటో డ్రైవరు, అటెండరు. లాభం ఒకడికి, శిక్ష ఇంకొకడికి.

ఇక్కడ ఒక మాట ఎదురొస్తుంది. ‘మీ కౌన్సిలర్లు మాత్రం తినడం లేదా?’ అంటారు. తినేవాళ్లు ఉన్నారు. వాళ్లను వెనకేసుకురావడం మా పని కాదు. కానీ ఎన్నికల ఖర్చుకు వెంచర్ యజమాని దగ్గర అప్పు తెచ్చుకొని గెలిచిన రిజర్వుడు వార్డు సభ్యురాలు, అప్పు ఇచ్చినవాడి ఫైలు మీద ఏం మాట్లాడగలదు? ఆమె మౌనానికి వెల కట్టింది ఎవరు? ఆమె పదివేలను అవినీతి అని, అతని పది ఎకరాల కన్వర్షన్‌ను అభివృద్ధి అని పిలిచే భాషను మేము ఒప్పుకోం.

కాబట్టి చర్చ కోసం కొన్ని డిమాండ్లు ముందుంచుతున్నాం. కౌన్సిలర్లు, మున్సిపల్ అధికారులు, ప్లాన్ గీసే కన్సల్టెంట్లు పట్టణ పరిధిలో తమకూ, తమ అన్నదమ్ములకూ, అత్తింటివారికీ, వ్యాపార పొత్తుదారులకూ ఉన్న భూముల్ని సర్వే నెంబర్లతో ప్రకటించాలి. జోన్ మార్పును ‘అందరికీ వర్తించే విషయం’ అనే ముసుగు నుంచి తప్పించాలి. భూమి ఉన్న సభ్యుడు ఆ తీర్మానం నుంచి లేచి బయటికి పోవాలి. ముసాయిదా నక్షను తెలుగులో మాలపల్లెలో, మాదిగవాడలో, బస్తీలో గోడకు అంటించి చదివి వినిపించాలి. పట్టా లేనివాళ్ల అభ్యంతరానికి కూడా విలువ ఉండాలి. అసైన్డు భూములు, దళితుల శ్మశానాలు, ఇళ్ల స్థలాలు నక్షలో పేరుతో సహా కనిపించాలి. నక్షలో పేరు లేని జాగాను ఖాళీ జాగా అనడం సులువు. మన శ్మశానాలు ఎన్నో వెంచర్లలో కలిసింది అలాగే.

విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలు తమ పట్టణం మాస్టర్ ప్లాన్ కాపీని సమాచార హక్కు కింద తెప్పించుకొని, దాన్ని రెవెన్యూ రికార్డు పక్కన పెట్టి చదవాలని కోరుతున్నాం. ఏ రంగు కింద ఎవరి పొలం ఉంది, ఏ గీత ఎక్కడ వంపు తిరిగింది, ఆ వంపులో ఎవరి ఇల్లు తప్పించుకుంది, ఎవరి వాడ పోయింది అన్నది రాయాలి. ఒక్కో పట్టణానికి ఒక్కో రాత వస్తే చాలు, లంచం దగ్గర ఆగిపోయిన చర్చ భూమి దగ్గరికి నడుస్తుంది.