ఎవరు వదిలారు, ఎవర్ని?

ఉద్యోగులు మానేయడాన్ని ఐటి కంపెనీలు ‘అట్రిషన్’ అంటాయి. లాటిన్ మూలంలో ఆ మాటకి రాపిడి వల్ల అరిగిపోవడమని అర్థం. కంపెనీ లెక్కల్లో మాత్రం అదొక శాతం. ఎవరు అరిగారు, దేనికి రాసుకుని అరిగారు అన్నది అందులో కనబడదు.

మా పిన్ని కూతురు హైదరాబాదులో ఏడేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మానేసి, పాల్వంచ వచ్చేసింది. పిల్లాడి కోసం మానేసిందని పిన్ని అందరికీ చెప్పింది. రాజీనామా ఫారంలోనూ ‘వ్యక్తిగత కారణాలు’ అనే రాసిందట. నిజం అదేనా అని అడిగాను.

“కాదక్కా. ప్రసవం సెలవు అయ్యాక వెళ్ళేసరికి నా ప్రాజెక్టు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ముఖ్యమైన మీటింగులన్నీ రాత్రి తొమ్మిది తర్వాతే. నేను లేనప్పుడే అన్నీ తేలిపోయేవి. ఏడాది చివర రేటింగు తగ్గించి, నీకిప్పుడు ఇంటి బాధ్యతలున్నాయి కదమ్మా అన్నారు. నన్నెవరూ పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు.”

ఆ మాటలు విన్నాక పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ మళ్ళీ చదివాను. ఇంటిపనిలో మునిగి తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ అది. పాత స్నేహితురాలు గుర్తుచేస్తే తప్ప తాను శారదనని ఆమెకి తెలియదు. ఆ పేరుని ఎవరూ దొంగిలించలేదు. రోజువారీ పనులూ పిలుపులూ కలిసి దాన్ని చెరిపేశాయి. దుర్మార్గుడంటూ ఎవరూ లేకుండానే ఒక వ్యవస్థ మనిషిని ఎలా మాయం చేస్తుందో ఆ కథ చూపిస్తుంది.

ఆ చూపుని మనం ఆఫీసుదాకా తీసుకెళ్ళామా? నా సిద్ధాంత వ్యాసంలో నేను ఉద్యోగాన్ని గడప దాటే దారిగా మాత్రమే చదివాను. నేను చదివిన సాఫ్ట్‌వేర్ కథల్లోనూ ఎక్కువగా తప్పు భర్తదో, అత్తగారిదో అవుతుంది. ఆఫీసు వెనకాల నిలబడ్డ అద్దాల మేడ, అంతే. అక్కడ శారద పేరు మెడలో కార్డు మీద పదిలంగానే వేలాడుతుంది. పోయేది ఆమె మాటకున్న విలువ.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 1997 విశాఖ తీర్పు, దాని తర్వాత 2013లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చాయి. 2017 సవరణ ప్రసూతి సెలవుని 12 నుంచి 26 వారాలకి పెంచింది. యాభైమంది, అంతకుమించి పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలంది. ఇవన్నీ పోరాడి తెచ్చుకున్నవే. కానీ తిరిగొచ్చిన తల్లికి ఏ పని దక్కుతుంది, ఏ వేళ మీటింగు పెడతారు, పొద్దుపోయేదాకా కూర్చోవడమే నిబద్ధతా అన్నవి తేల్చేది ఆఫీసు సంస్కృతి. దానికి సంతకాలూ ఉత్తర్వులూ ఉండవు. అందుకే వెళ్ళిపోవడం ఆమె సొంత నిర్ణయంలా కనిపిస్తుంది.

పాల్వంచ వాళ్ళకి అరుగుదల కొత్త కాదు. థర్మల్ కేంద్రంలో బొగ్గుని పిండి చేసే మిల్లుల్లో భాగాలు అరుగుతూనే ఉంటాయి. అరిగిన భాగాన్ని చూసి ఏ ఇంజనీరూ ‘వ్యక్తిగత కారణాలు’ అని రాయడు. మిల్లు మీద లోడెంత, బొగ్గులో రాయెంత అని చూస్తాడు.

ఇనుముకి ఇచ్చే ఆ పాటి విచారణ ఆడవాళ్ళకి మన కథలైనా, విమర్శయినా ఇవ్వాలి. ఫారంలో రాయలేనిది కథగా రాయమని చెల్లిని అడిగాను. నేను మాత్రం నా సిద్ధాంత వ్యాసంలో ఆ అధ్యాయం మళ్ళీ రాయడం మొదలుపెట్టాను.